రంజాన్ అయ్యాక ఫజర్ (తెల్లవారుజాము నమాజు) ఎలా నిలబెట్టుకుంటున్నారు? గోదావరి జిల్లాల వాళ్లు చెప్పండి

వశిష్ఠ ఒడ్డు
అస్సలాము అలైకుమ్ అందరికీ. మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. ముస్లింల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మసీదు లేదు, జుమ్మాకి (శుక్రవారం నమాజుకి) పక్క టౌనుకి వెళ్తాం. డిప్లొమా అయ్యాక భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. షిఫ్టులు మారుతుంటాయి. రూమ్‌లో మిగతా ముగ్గురూ హిందువులే, బంగారంలాంటి కుర్రాళ్లు.

రంజాన్‌లో ఇంట్లో ఉన్నాను కాబట్టి ఇబ్బంది లేదు. సహరికి (తెల్లవారకముందు భోజనానికి) అమ్మ లేపుతుంది, నాన్నతో రాత్రి తరావీహ్ నమాజుకి వెళ్తాను, ఇల్లంతా అదే ధ్యాసలో ఉంటుంది. పండగ చేసుకుని ఇక్కడికొచ్చాక ఇప్పుడు ఒక్కడినే. రంజాన్ తర్వాతి ఈ శవ్వాల్ నెల నుంచే అలవాటు గట్టిపడాలని నా తాపత్రయం. బయాన్లు (మత ప్రసంగాలు) వినమని, పుస్తకాలు చదవమని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కావాల్సింది వేరు. ఉద్యోగం, చదువు చూసుకుంటూ మీరు రోజూ ఎలా నెట్టుకొస్తున్నారో అది చెప్పండి.

చెరువు గట్టు
వ అలైకుముస్సలాం తమ్ముడూ. నువ్వు ప్లాంట్‌లో చూసే సరుకు మా చెరువుల నుంచే వస్తుంది. నేను ఆకివీడు వైపు వనామి చెరువుల మీద ఉంటాను.

ఫజర్ సంగతి మా చెరువు వాళ్లని అడగాలి. పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ పుట్టిస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున ఉన్న బురద కలిసి దాన్ని పీల్చేస్తాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి ఏరియేటర్లు ఆగిపోయాయంటే రొయ్య అంచుకొచ్చి పైకి తేలుతుంది. తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. కాబట్టి ఆ వేళకి గట్టు మీద ఎవడూ నిద్రపోడు. టార్చిలైటు పట్టుకుని నీళ్లలోకి చూస్తూ తిరుగుతూనే ఉంటాం.

ఎవరిదో సరుకు కోసం అంత జాగ్రత్తగా మేలుకుని ఉండి, అజాన్ వేళకి మాత్రం మంచం ఎక్కేస్తే నా మనసు ఒప్పుకోదు. మోటారు షెడ్డు పక్కన బోరు నీళ్లతో వజూ (నమాజు ముందు శుభ్రత) చేసుకుని అక్కడే చాప పరుచుకుంటాను. నీకు ఏ టైంకి లేవాలో చెప్పు, మిస్డ్ కాల్ ఇస్తాను. నేనెలాగూ మేలుకునే ఉంటాను.

పూతరేకు
చూశారా, పశ్చిమ గోదారోళ్లు రొయ్య కోసమైనా లేస్తారు. మా తూర్పు వాళ్లం అజాన్ కోసమే లేస్తామండి, ఆయ్!

సరే గానీ గట్టు అన్నా, నువ్వు రాత్రంతా కాపలా కాసే ఆ రొయ్య తినొచ్చా, తినకూడదా? 2018లో రొయ్య తినొద్దని హైదరాబాద్ జామియా నిజామియా మదరసా ఫత్వా వచ్చినప్పుడు మా ఇంట్లో మామయ్యకీ నాన్నకీ పెద్ద చర్చే నడిచింది. రొయ్యల ఇగురు గిన్నె మధ్యలో అలాగే చల్లారిపోయింది.

లేసు అల్లిక
అస్సలాము అలైకుమ్. నాది నర్సాపురం. రొయ్య దగ్గరికి వెళ్తే ఈ చర్చ తెల్లారేదాకా తెమలదు, ఒక్క ముక్కలో చెప్తాను. హనఫీ ధర్మశాస్త్రం పాటించేవాళ్ల దగ్గర నీళ్లలో బతికేవాటిలో చేప ఒక్కటే హలాల్. రొయ్యని చేపల్లో లెక్కేయాలా వద్దా అన్న దగ్గర ఉలమాలు (మత పండితులు) రెండుగా విడిపోయారు. తినొచ్చన్న వాళ్లూ ఉన్నారు, వద్దన్న వాళ్లూ ఉన్నారు. షాఫయీ ధర్మశాస్త్రం పాటించేవాళ్ల దగ్గర ఆ పేచీ లేదు. ఎవరి మసీదు ఇమాం గారిని వాళ్లు అడగండి. తిననివాడు తినేవాడిని తక్కువగా చూడకుండా ఉంటే చాలు.

వశిష్ఠ తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. అల్లాకి అన్నిటికంటే ఇష్టమైన పని కొంచెమైనా సరే ఆపకుండా చేసేదేనని ప్రవక్త (స) చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉన్న హదీసు అది. రంజాన్‌లో చేసినవన్నీ ఏడాది పొడుగునా చేయాలని పెట్టుకుంటే చేతులెత్తేస్తాం. ఫర్జ్ (తప్పనిసరి) నమాజు ఐదు పూటలూ వదలకు. నఫిల్ (అదనపు నమాజుల) సంగతి నీ ఓపికని బట్టి. శవ్వాల్ ఆరు రోజాలు (ఉపవాసాలు) మాత్రం వీలైతే పెట్టుకో. రంజాన్ రోజాల తర్వాత అవి కూడా ఉంటే ఏడాదంతా ఉన్నట్టేనని హదీసు. వరసగానే ఉండాలని లేదు, నెలలో ఎప్పుడైనా సరే. వీక్లీ ఆఫ్ రోజు ఒకటి, తేలిక షిఫ్టు రోజు ఒకటి పెట్టుకున్నా అయిపోతాయి.

సర్కారు బండి
కాకినాడలో బీటెక్ చదువుతున్నాను. మాది నలుగురి బ్యాచ్. మాలో ఒకడు ఫజర్‌కి లేవడు. వాడి పేరు కుంభకర్ణుడు. ఎవరు ఫోన్ చేసినా సైలెంట్‌లోనే ఉంటుంది. రోజూ రూమ్‌కెళ్లి తలుపు బాదాల్సిందే. పక్క రూమ్ వాళ్లు కూడా లేచిపోతున్నారు గానీ వీడు లేవట్లేదు. కుంభకర్ణా, చదువుతున్నావా?

లేసు అల్లిక
తమ్ముడూ, తలుపు కొట్టడం మంచి పనే. ఆ పేరు మాత్రం నలుగురిలో వద్దు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోకండి, మారుపేర్లతో పిలుచుకోకండి అని ఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో ఉంది. నువ్వు సరదాకే అన్నావని తెలుసు. రేపు మీరంతా ఉద్యోగాల్లో చేరాక కూడా ఆ పేరు వాడిని వదలదు.

గౌతమి గాలి
అక్కా, ఆ లేవనివాడిని నేనే 😄 వాడు అలా పిలిస్తే నాకు కోపం రాదు. అయినా మీరు చెప్పింది నిజమే, ఈ పేరు మా చెల్లి దాకా వెళ్లిపోయింది.

ఒక్కటి మాత్రం అందరికీ తెలియాలి. వీడు తలుపు కొట్టేసి వెళ్లిపోయే రకం కాదు. పరీక్షల టైంలో రాత్రి రెండింటిదాకా చదివి పడుకున్న రోజు కూడా వచ్చి కూర్చుంటాడు. నేను వజూ చేసుకునేదాకా కదలడు. నలుగురం కలిసి చదువుకుని, వెనక్కొచ్చే దారిలో టీ తాగుతాం. ఆ టీ డబ్బులు మాత్రం ఎప్పుడూ నాచేతే పెట్టిస్తాడు!

సర్కారు బండి
సరే అక్కా, ఆ పేరు ఇవాళ్టితో బంద్. టీ డబ్బులు మాత్రం బంద్ కావు. లేపినందుకు కూలీ అది.

మసీదు వీధి
సరదా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ప్రవక్త (స) కూడా సహచరులతో సరదాగా ఉండేవారు. ఒకాయన ఎక్కడానికి ఒంటె కావాలని అడిగితే, ఒంటె పిల్లని ఇస్తానన్నారు. పిల్లని పెట్టుకుని నేనేం చేసుకోను అని ఆయన దిగులు పడ్డాడు. ఏ ఒంటె అయినా ఒంటె పిల్లే కదా అన్నారు ప్రవక్త (స). అందులో అబద్ధం లేదు, మనసు నొప్పించడం లేదు. మరో హదీసులో, నలుగురిని నవ్వించడానికి అబద్ధం ఆడేవాడిని గట్టిగా హెచ్చరించారు. నవ్వులకి ఆ రెండు హద్దులు చాలు. దీన్ (ధర్మం) అంటే మొహం ముడుచుకుని కూర్చోవడం అనుకునే పెద్దలు మన మసీదుల్లో కొంతమంది ఉన్నారు. కుర్రాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోవడానికి అదీ ఒక కారణమేనని నేను అనుకుంటాను.

వశిష్ఠ ఒడ్డు
గట్టు అన్నా, షిఫ్టు టైములు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టాను. చాలా థ్యాంక్స్.

ఇంకో చిక్కు ఉంది. బి షిఫ్టు మధ్యాహ్నం మొదలై రాత్రికి అయిపోతుంది. అసర్ (సాయంత్రం నమాజు), మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) రెండూ ప్లాంట్‌లోనే. లోపల గమ్‌బూట్లు, ఏప్రాన్, తలకి నెట్ క్యాప్. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారి ఉంటాయి, ఒళ్లంతా రొయ్య వాసన. ఈ బట్టలతో నమాజు అవుతుందా? బయటికెళ్లి వస్తే మళ్లీ చేతులు శుభ్రం చేసుకుని, క్లోరిన్ నీళ్ల తొట్టిలో బూట్లు తడిపి లోపలికి రావాలి. మాటిమాటికీ వెళ్తే సూపర్‌వైజర్ ఊరుకోడు.

మసీదు వీధి
రొయ్య వాసన నజిస్ (అపవిత్రం) కాదు తమ్ముడూ. రక్తం, మలమూత్రాల్లాంటివి అంటితేనే బట్ట మార్చాలి. అయినా వాసన లేని బట్టతో నిలబడితే మనసుకి బాగుంటుంది. లాకర్‌లో ఉతికిన లుంగీ, చొక్కా, చిన్న జానమాజ్ (నమాజు చాప) పెట్టుకో.

టైం విషయానికొస్తే, అసర్‌కి కాస్త వెసులుబాటు ఉంటుంది. టీ బ్రేక్‌లో సర్దుకోవచ్చు. నాలుగు రకాతుల ఫర్జ్‌కి ఎక్కువ సేపు పట్టదు. మగ్రిబ్ టైం తక్కువ కాబట్టి సూపర్‌వైజర్‌తో మాట్లాడుకోవాల్సింది దాని గురించే. దొంగచాటుగా వెళ్లి రావద్దు. “సార్, సూర్యాస్తమయం అయ్యాక నాకు పది నిమిషాలు కావాలి, ఆ పది నిమిషాలూ తర్వాత బ్రేక్‌లో తగ్గించుకుంటాను” అని ముందే అడుగు. పనిలో నిక్కచ్చిగా ఉండేవాడు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

నైట్ షిఫ్టు చేసి పడుకుని నిద్రలో జుహర్ (మధ్యాహ్నం నమాజు) దాటిపోతే, మెలకువ రాగానే చదువుకో. నిద్రపోయినా మరిచిపోయినా గుర్తొచ్చినప్పుడు చదవాలని హదీసు. ఒక పూట దాటింది కదా, ఈ రోజుకింతే అని మిగతావి వదిలేయడమే అసలు ప్రమాదం.

కాలువ లాకులు
అందరికీ నమస్కారం. నేను ముస్లింని కాదండి. నా క్లోజ్ ఫ్రెండ్ ఈ లింక్ పంపితే చదువుతూ కూర్చున్నాను. ఒక మాట చెప్పొచ్చా?

ఇంజినీరింగ్‌లో శుక్రవారం మధ్యాహ్నం వాడు జుమ్మాకి వెళ్లేవాడు. మొదటి ఏడాది మాకెవరికీ ఏమీ చెప్పలేదు. క్లాసు ఎగ్గొడుతున్నాడనుకున్నాం. రెండో ఏడాది ఓ రోజు కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. అప్పట్నుంచి వాడి నోట్స్ నేను రాసేవాణ్ని, బైకు తాళం ఇంకొకడు ఇచ్చేవాడు. రంజాన్‌లో వాడి ముందు మేం టిఫిన్ తినేవాళ్లం కాదు. తినండిరా, నాకేం ఇబ్బంది లేదు అని వాడే తిట్టేవాడు. సాయంత్రం మసీదులో ఇచ్చే గంజి బాక్సులో పెట్టి రూమ్‌కి పట్టుకొచ్చేవాడు. నలుగురం పంచుకునేవాళ్లం.

వశిష్ఠ బ్రదర్, మీ రూమ్ వాళ్లకి చెప్పారా? చెప్పకపోతే వాళ్లకేం తెలుస్తుంది? బంగారంలాంటి కుర్రాళ్లని మీరే అన్నారు కదా.

వశిష్ఠ ఒడ్డు
లేదండి, చెప్పలేదు. పొద్దున్నే వాళ్ల నిద్ర చెడుతుందని చీకట్లోనే అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతున్నాను. ఇవాళే మాట్లాడతాను.

కొబ్బరి మట్ట
కాలువ లాకులు అన్నా, మంచి మాట చెప్పారు. మా అమలాపురం వైపు కూడా అంతే. మొహమాటంతో మనమే నోరు విప్పం.

నాకు మాత్రం వేరే టెన్షన్. నమాజు కుదురుతోంది, సంక్రాంతే కుదరట్లేదు. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగిన ఫ్రెండ్స్. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ వాళ్లతోనే. అరిసెలు, జంతికలు, పొంగలి, ముగ్గుల పోటీ, అంతవరకూ బాగానే ఉంటుంది. తర్వాత బరి దగ్గరికి రమ్మంటారు. పందెం కాయకురా, ఊరికే చూద్దువు గానీ రా అంటారు. వెళ్లకపోతే పొగరనుకుంటారేమోనని భయం. మీరేం చేస్తారు?

చెరువు గట్టు
తమ్ముడూ, మా భీమవరం చుట్టుపక్కల ఇది ఏటా ఉండేదే. పందెం జూదం. మద్యాన్నీ జూదాన్నీ ఒకే ఆయత్‌లో వద్దని చెప్పాడు అల్లా, మాయిదా సూరా 90లో. పైగా జంతువుల్ని ఒకదాని మీదికి ఇంకోదాన్ని ఉసిగొల్పడం కూడా ప్రవక్త (స) వద్దన్నారు. కాలికి కత్తి కట్టిన పుంజు అరనిమిషంలో పేగులు బయటపడి కూలిపోవడం దగ్గర్నుంచి చూస్తే, హదీసు తెలియనివాడికి కూడా అది తప్పని అర్థమవుతుంది. పందెం కాయకుండా చూడటం అంటూ ఎక్కడా ఆగదు. పక్కనే గుండాట, ఆ పక్కన పేకాట, జేబులో డబ్బులు, చుట్టూ కేకలు. నా ఈడు వాళ్లు అక్కడ పొలం కాగితాలు తాకట్టు పెట్టడం చూశాను.

నేను పొద్దున్నే ఫ్రెండ్ వాళ్లింటికెళ్లి టిఫిన్ చేసి, వాళ్ల నాన్నగారితో కాసేపు కూర్చుని వస్తాను. బరికి బయల్దేరే టైంకి ‘నాకు చెరువు పని ఉంది’ అనను. అది అబద్ధం. ‘అది మాకు కుదరదురా, సాయంత్రం మళ్లీ వస్తాను’ అంటాను. మొదటి ఏడాది నవ్వారు. ఇప్పుడు వాళ్లే అడగరు. వాళ్ల తమ్ముడొకడు కూడా బరికి వెళ్లడం మానేసి నాతో సినిమా టికెట్ల లైన్లో నిలబడుతున్నాడు!

పూతరేకు
సినిమా సంగతి ఇక్కడ తీయకు అన్నా, మసీదు వీధి భాయ్ చూస్తారు.

మసీదు వీధి
చూశాను. అది ఇంకో చర్చ, దానికి వేరే దారం తెరవండి. 🙂

కొబ్బరి మట్ట తమ్ముడికి ఒక మాట. ఇప్పుడు బరి ఊళ్లో కంటే ఫోన్‌లోనే ఎక్కువ ఉంది. ఐపీఎల్ టైంలో బెట్టింగ్ యాప్‌లలో పడి అప్పులపాలైన కుర్రాళ్లు మన వీధుల్లోనూ ఉన్నారు. అదీ జూదమే. యాప్ పేరు ఏదైనా తేడా లేదు. ఎవరైనా అందులో ఇరుక్కుని ఉంటే ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి. అప్పు తీర్చడానికి మళ్లీ పందెం కాయకండి.

కువైట్ వంటిల్లు
అస్సలాము అలైకుమ్ బిడ్డలూ. నేను పాలకొల్లు దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ ఇంటి పని చేస్తున్నాను. మన గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అన్ని మతాల వాళ్లూ. ఖాళీ దొరికినప్పుడల్లా మీరు రాసేవి చదువుతుంటాను.

ఊళ్లో మసీదు లేదని ఆ పిల్లాడు బాధపడ్డాడు కదా. ఇక్కడ నాలుగు వైపుల నుంచీ అజాన్ వినపడుతుంది. అయినా వంటింట్లో గిన్నెల ముందు నిలబడి, మన పిల్లలు తిన్నారో లేదో అనుకుంటూ ఉంటే మనసు నమాజులో ఉండదు. ఊరు మారితే ఈమాన్ (విశ్వాసం) దానంతట అదే పెరుగుతుందనుకోవద్దు. నాకు సాయం చేసింది పక్కింట్లో పనిచేసే శ్రీలంక అమ్మాయి. ఒకరి భాష ఒకరికి రాదు. ఇషా (రాత్రి నమాజు) అయ్యాక మెట్ల మీద కాసేపు కూర్చుంటాం. ఆ పిల్ల కనపడని రోజు నేను తలుపు తడతాను, నేను కనపడని రోజు ఆ పిల్ల తడుతుంది.

లేసు అల్లిక
పిన్నీ, మీ మాట చదువుతుంటే కళ్లు చెమర్చాయి. అల్లా మీ కష్టం తేలిక చేయాలి.

మెరక వీధి అమ్మాయి
కువైట్ పిన్నికి సలాం. నేను తణుకులో డిగ్రీ చదువుతున్నాను. అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, ఇక్కడ అక్కలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నెలలో ఆ రోజులు రాగానే అలవాటు తెగిపోతుంది. మళ్లీ మొదలెట్టడానికి బద్ధకంగా ఉంటుంది. ఇంకోటి, నాకు ఉర్దూ సరిగ్గా రాదు. ఇంట్లో తెలుగే. అరబ్బీ చదవడం వచ్చు గానీ అర్థం తెలియదు. మసీదులో బయాన్ అంతా ఉర్దూలో నడుస్తుందని నాన్న చెప్తారు. నాకు దీన్ సగమే అందుతోందనిపిస్తుంది.

లేసు అల్లిక
మొహమాటం ఎందుకమ్మా, ఇది అందరికీ ఉన్నదే. ఆ రోజుల్లో నమాజు లేదు, తర్వాత ఖజా కూడా చేయక్కర్లేదు. రోజాలు మాత్రం తర్వాత తీర్చుకోవాలి. నమాజు లేదు కదా అని ఆ టైం ఫోన్‌కి ఇవ్వకు. అజాన్ వినగానే నేను పని ఆపి అదే చోట కూర్చుంటాను. సుబ్హానల్లాహ్, అల్హమ్దులిల్లాహ్ చెప్పుకుంటాను, నా భాషలో దుఆ చేసుకుంటాను. దుఆ తెలుగులో చేసుకుంటే అల్లాకి అర్థం కాకపోవడం ఉండదు. ఆ టైంకి కూర్చునే అలవాటు పోకపోతే మళ్లీ మొదలెట్టడం కష్టం కాదు.

మసీదు వీధి
తెలుగు గురించి నేను చెప్తానమ్మా. నమాజులో అరబ్బీలోనే చదవాలి. అర్థం మాత్రం తెలుగులో తెలుసుకో, అందులో తక్కువతనం ఏమీ లేదు. దాదాపు వందేళ్ల కిందటే చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ని తెలుగులోకి తెచ్చారు. ఆయన ముస్లిం కూడా కాదు. ఆ తర్వాత ముస్లిం పండితులు చేసిన అనువాదాలు చాలానే వచ్చాయి, ఫోన్‌లో కూడా దొరుకుతాయి. మన పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు (1885–1945) తెలుగు పద్యం రాసి, అవధానం చేసి పేరు తెచ్చుకున్నారు. తెలుగు వచ్చిన ముస్లిం సగం ముస్లిం అని ఎవరైనా అంటే పట్టించుకోకు. జుమ్మా ముందు బయాన్ తెలుగులో కూడా చెప్పాలని నేను మా కమిటీలో అడుగుతూనే ఉన్నాను. మీ నాన్నగారిని కూడా మీ మసీదులో అడగమను. నలుగురు అడిగితే అవుతుంది.

గౌతమి గాలి
నాదీ ఒక ప్రశ్న. నమాజులో ఉన్నప్పుడు, మంచివాళ్లతో కూర్చున్నప్పుడు మనసు మెత్తగా ఉంటుంది. రూమ్‌కొచ్చి రీల్స్ చూడటం మొదలెడితే అంతా ఎగిరిపోతుంది. ఇది నిఫాఖా, అంటే నటనా?

మసీదు వీధి
ఇదే ప్రశ్న ఒక సహాబీ (ప్రవక్త సహచరుడు) అడిగారు తమ్ముడూ. హంజలా (రజి) ఏడుస్తూ, ‘హంజలా మునాఫిక్ (కపటి) అయిపోయాడు’ అంటూ బయల్దేరారు. దారిలో అబూబకర్ (రజి) కనిపించి సంగతేంటని అడిగారు. ప్రవక్త (స) దగ్గర ఉన్నప్పుడు స్వర్గం, నరకం కళ్లముందున్నట్టే ఉంటాయి, ఇంటికెళ్లి భార్యాబిడ్డలు, పనుల్లో పడితే చాలా మరిచిపోతున్నాను అన్నారు హంజలా. అబూబకర్ (రజి) అంతటివారు, మా పరిస్థితీ అంతే అన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. నా దగ్గర ఉన్నప్పటిలాగే ఎప్పుడూ ఉండగలిగితే దేవదూతలు మీ పడకల మీద, మీ దారుల్లో మీతో కరచాలనం చేసేవారు, కానీ హంజలా, ఒక ఘడియ ఇలా, ఒక ఘడియ అలా అన్నారు ఆయన. సహీ ముస్లింలో ఉంది.

అందులో నాకు బాగా నచ్చింది, హంజలా (రజి) ఒక్కరే గదిలో కూర్చుని కుమిలిపోకపోవడం. బయటికొచ్చారు, దారిలో స్నేహితుడికి చెప్పుకున్నారు, ఆ స్నేహితుడు నీతులు చెప్పకుండా వెంట నడిచారు. నువ్వు కూడా ఇక్కడికొచ్చి అడిగావు. నటించేవాడికి ఈ దిగులు ఎక్కడుంటుంది?

రీల్స్ సంగతి, ఇషా అయ్యాక ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టు.

సర్కారు బండి
ఫోన్ వేరే గదిలో పెడితే నేను చేసే కాల్ ఎలా వినపడుతుంది భాయ్? వీడికి ఇంకో సాకు దొరికింది!

గౌతమి గాలి
నువ్వెలాగూ తలుపు బాదుతావు కదరా.

వశిష్ఠ ఒడ్డు
అందరికీ జజాకల్లాహ్. రూమ్‌లో చెప్పాను. మా రూమ్‌లో ఒకతను, ‘ఇన్నాళ్లూ చీకట్లో తడుముకుంటూ తిరిగింది నువ్వేనా, దొంగనుకుని భయపడ్డాను’ అని నవ్వాడు. ఫ్యాన్ కింద మూలని ఖాళీ చేసిచ్చారు. సూపర్‌వైజర్ గారు మగ్రిబ్‌కి సరేనన్నారు, లైన్ వదిలేముందు పక్కవాడికి చెప్పి వెళ్లమన్నారు. గట్టు అన్న మిస్డ్ కాల్ ఈ ఉదయం కూడా వచ్చింది. ఒక్క రింగుతో ఆపకుండా రెండు రింగులు ఇవ్వు అన్నా. జుమ్మా ఈసారి భీమవరంలోనే, మా ప్లాంట్‌లో ఇంకో భాయ్ ఉన్నాడని తెలిసింది, ఇద్దరం కలిసి వెళ్తున్నాం.

చెరువు గట్టు
మూడు రింగులు ఇస్తాను. వచ్చే వారం మీ ప్లాంట్‌కే మా పట్టుబడి సరుకు వస్తోంది. లారీతో నేనూ వస్తాను, గేటు దగ్గర కనపడు.

దరియాలతిప్ప
సలాం. యానాం నుంచి రాస్తున్నాను, ఇప్పుడే చేరాను. ఈ పొద్దున్నే లేపే జాబితాలో నన్ను కూడా కలుపుతారా? ఇటువైపు ఎవరైనా ఉన్నారా?

పూతరేకు
ఉన్నాం తమ్ముడూ. నేను ఆత్రేయపురం, నువ్వు యానాం, ఇద్దరిదీ గోదారి ఒడ్డే. నంబర్ ఇక్కడ పెట్టకు, ప్రైవేట్ మెసేజ్ చెయ్యి. రేపు ఫజర్‌కి నేనే చేస్తాను, ఎల్లుండి నువ్వు నాకు చెయ్యాలి.